ఇంకోటి మర్సిన

మిర్యాలగూడ చర్చిలో ఆమెను చూస్తే నాకు అసూయ. నేను బడిలో టీచర్ని. ఆమె త్రిపురారం నుంచి ఆటోలో వచ్చే నాట్ల కూలీ. క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారం తొలి కొవ్వొత్తి వెలిగించాక, ఆ ఏడు దేవుడు చేసిన మేళ్లను ఒక్కొక్కరం లేచి సాక్ష్యంగా చెప్పడం మా సంఘంలో అలవాటు. నేను వారం ముందే కాగితం మీద రాసుకునేదాన్ని. ఆమె మాత్రం చాప మీంచి లేచి, కాలువకు నీళ్లొచ్చాయనో, మోకాలి నొప్పి తగ్గిందనో చెప్పి కూర్చునేది. అంతలోనే కొంగు సర్దుకుంటూ మళ్లీ లేచేది.

“ఇంకోటి మర్సిన అయ్యగారూ!”

పాస్టరుగారితో సహా సంఘమంతా మురిసిపోయి నవ్వేది. నా సాక్ష్యానికి ఎవరి ముఖమూ కదిలేది కాదు.

ఈ ఏడు వానల్లో ఆమె భర్త చనిపోయాడు. ఇక ఈసారి ఏం చెబుతుందో చూద్దామనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను. నా ప్రమోషన్ గురించి, సూర్యాపేటలో కట్టుకున్న ఇంటి గురించి చదివి కూర్చున్నాను. ఆమె చాప మీంచి లేచింది.

“ఈయేడు నాకేం యాదికొస్తలేదు అయ్యగారూ,” అని కూర్చుంది.

నాకు లోపలెక్కడో చల్లగా అనిపించింది. అంతలో ఆమె కొంగు సర్దుకుంది.

“ఇంకోటి మర్సిన. మా ఆయనను బొందవెట్టిన నాడు నా చెప్పులు బురదల దిగవడ్డయ్. గీ టీచరమ్మ వాటిని గుంజి, కడిగి, చేతుల పట్టుకొని నిలవడ్డది. దేవునికి స్తోత్రం.”

నాకు ఆ సంగతే గుర్తులేదు. నేను చేసిన ఒక్క మంచి పని కూడా ఆమె సాక్ష్యంలోకే పోయింది.