టర్బో పెట్టిన బండి, పొగచూరిన అన్నం

ఇంజను నూనె మాడిన కంపు తగిలితే ఇప్పటికీ నాకు ఆ పూట అన్నం సయించదు. మెకానిక్ షెడ్డు ముందు నుంచి పోవలసి వస్తే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని రోడ్డుకు అవతలి పక్కన నడుస్తాను. మా ఆయన చూసి నవ్వుతాడు. నవ్వుకోనీ. ఆ కంపు నా వంటలోకి ఎలా వచ్చిందో ఆయనకూ తెలుసు, ఆయన తమ్ముడికీ తెలుసు. వాళ్లిద్దరికన్నా నాకు ఇంకా బాగా తెలుసు.

మాది శంషాబాద్. ఇంటి వెనక రేకుల షెడ్డులో నేను వంట చేస్తాను. ఆదివారం తప్ప ప్రతిరోజూ కొత్తూరులో ఒక ఫ్యాక్టరీకి మధ్యాహ్నం భోజనం తీసుకుపోతాం. నూరు మందికి పైగా తింటారు. అన్నం, పప్పు, ఏదో ఒక కూర, మజ్జిగ. బండి నడిపేది మా ఆయన, వడ్డించేది నేను. అన్నం గిన్నెల దగ్గర నాకొక పద్ధతి ఉంది. అన్నం వార్చగానే తెల్లటి నూలుగుడ్డ తడిపి, గట్టిగా పిండి, అన్నం మీద పరిచి, ఆ పైన మూత పెడతాను. అలా పెడితే కొత్తూరు చేరేదాకా పై మెతుకు కూడా ఎండదు. ఆ గుడ్డలను ఏ రోజుకారోజు ఉడకబెట్టి ఉతుకుతాను. ఇంకెవరినీ ముట్టుకోనివ్వను.

ఆ ఫ్యాక్టరీలో ఊడ్చే ఆమె ఒకామె ఉంది. మహేశ్వరం దిక్కు పల్లె. ఉన్న చేను ప్లాట్లయిపోయాక చీపురు పట్టింది. అందరూ తిన్నాక చివర్లో వచ్చి తింటుంది. తిన్నాక కొంగు చాటు నుంచి ఒక స్టీలు డబ్బా తీసి నా ముందు పెట్టేది. ఇంట్లో పళ్లూడిపోయిన అత్త ఉందట. "మా అత్త బయటి తిండి ముట్టది అక్కా. నీ అన్నమైతెనే నోట్లె పెట్టుకుంటది" అని మొదటి రోజే చెప్పింది. ఆ డబ్బా కోసం అడుగున నాలుగు గరిటెలు మిగిలేలా నేనే చూసుకునేదాన్ని. నా వంట గురించి ఎవరేమన్నా, ఆ డబ్బా వచ్చినంత కాలం నాకు దిగుల్లేదు.

ఇక బండి సంగతి. మాది పాత పికప్పు, టర్బో లేని ఇంజను. నిండు గిన్నెలతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూలుగుతుంది. రెండుసార్లు భోజనం ఆలస్యమైంది. రోడ్డు పని జరుగుతూ బండ్లన్నీ ఆగిపోయినందువల్ల అయిన ఆలస్యం అది. అరగంట ముందు బయల్దేరితే పోయేదానికి, మా ఆయనకు మాత్రం బండి మీద నామోషీ పట్టుకుంది. రెండోసారి ఆలస్యమైన రోజు ఒక కొత్త పికప్పు మమ్మల్ని దాటిపోతూ హారన్ కొట్టింది. అందులో ఉన్నవాడు మా వైపు చూసి పళ్లికిలించాడు. ఇంటికొచ్చాక మా ఆయన బండి తలుపు విసిరికొట్టి దిగాడు. అన్నం ముందు కూర్చుని అన్నాడు.

"టర్బో ఏపిస్త."

మా మరిది గగన్‌పహాడ్‌లో పాత బండ్లు విప్పే చోట పనిచేస్తాడు. విన్నదే చాలన్నట్టు మర్నాటికల్లా ఒక టర్బోను గోనెసంచిలో వేసుకుని వచ్చాడు. పెద్ద నత్తగుల్లలా ఉంది. బంక పట్టిన మసి, అందులో ఇసుక. దాన్ని నేను కూరగాయలు తరుక్కునే బండ మీద పెట్టాడు. తీయమన్నాను. "జర ఆగు వదినె, గిది మామూలు చీజ్ కాదు" అని అక్కడే మొదలుపెట్టాడు, ఇంజను నుంచి పోయే పొగతోనే లోపలి రెక్క తిరుగుతుందని, అది గాలిని నొక్కి ఇంజనులోకి పంపుతుందని, అప్పుడు బండికి ఎక్కడలేని బలం వస్తుందని. మా ఆయన పిల్లాడిలా నోరు తెరుచుకుని విన్నాడు. ఆ బండను నేను మూడుసార్లు సబ్బుతో తోమాను. అయినా చాలా రోజులు దాని మీద ఉల్లిపాయ కోయబుద్ధి కాలేదు.

మూడు ఆదివారాలు ఆ పనే. చర్చి నుంచి వస్తూనే మంచి చొక్కాలు విప్పి, బనియన్లతో బండి కిందికి దూరేవాళ్లు. తెలిసిన మెకానిక్‌కు చూపించమంటే మరిది ముఖం చిట్లించాడు, వాడికేం తెలుసు అని. గాలి పైపు అతుకు దగ్గర కారుతోందని నా పెద్ద కుక్కర్ రబ్బరు కోసి చుట్టారు. సోమవారం పప్పు ఉడకకపోతే గానీ ఆ సంగతి నాకు తెలియలేదు. పొగగొట్టాన్ని మామూలుగా కిందినుంచి వెనక్కి పంపితే మగతనం ఎక్కడ తగ్గుతుందో ఏమో, పాత బోరు పైపు ముక్క ఒకటి తెచ్చి, లారీకి ఉన్నట్టు డ్రైవరు గది వెనక నిలువుగా నిలబెట్టారు. దాని పక్కనే, ఒక మూర దూరంలో, నా అన్నం గిన్నెలు పెట్టే చోటు.

"పొగ గిన్నెల మీదికొస్తది గదా" అన్నాను.

"పొగ పైకి పోతదే. కిందికెట్ల వస్తది?" అన్నాడు మా ఆయన. తమ్ముడు పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండిపోయింది. ఇగ మీ బండి జోలికి నేను రాను, మంచి చెప్పను, చెడూ చెప్పను అని వాళ్ల ముందే అన్నాను. అన్నమాట మీద నిలబడ్డాను కూడా. అదే నేను చేసిన పాపం.

మూడో ఆదివారం మధ్యాహ్నానికి పని అయిపోయింది. కొత్త బండి కొంటే అందరిలాగే మేమూ ప్రార్థన చేయించుకుంటాం. పాత బండికి టర్బో పెట్టినా ప్రార్థన చేయించాలన్న ఆలోచన మా ఆయనకే రావాలి. సాయంత్రం ఆరాధన అయ్యాక పాస్టర్‌గారిని చర్చి గేటు దగ్గర ఆపి, బానెట్ ఎత్తి చూపించాడు. పాపం ఆయనకు అదేమిటో అర్థం కాలేదు. అయినా చేయి చాపి, బండి మీద, బండి నడిపేవారి మీద, వీరి చేతి కష్టార్జితం మీద దీవెన కోరుతూ మొదలుపెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు. పైనుంచి విమానం దిగుతుంటే ఆయన గొంతు పెంచారు.

నేను కళ్లు మూసుకోలేదు. కోపంతో ఆ ఇంజనునే చూస్తూ నిలబడ్డాను. అప్పుడు కనిపించింది.

టర్బోకు నూనె అందించే సన్నపైపు ఒకటి, లోపలికి పోయిన నూనె తిరిగి ఇంజను అడుగున ఉన్న చాంబర్‌లోకి దిగే లావుపైపు ఒకటి. ఇదంతా వాళ్లు మూడు వారాలు గొంతు చించుకుంటుంటే వినక తప్పని సంగతి. పైన చోటు లేక టర్బోను బాగా కిందికి బిగించారు. దాంతో ఆ లావుపైపు కిందికి దిగాల్సింది పోయి, ఒక జానెడు పైకెక్కి చాంబర్‌లోకి పోతోంది. మా వంటషెడ్డు మోరీకి మేస్త్రీ సరిగ్గా ఇలాగే పైపు వేశాడు. గిన్నెలు కడిగిన నీళ్లు బయటికి పోక వెనక్కి తన్ని నా కాళ్ల కిందికి వచ్చేవి. దగ్గర నిలబడి తవ్వించి మళ్లీ వేయించాను. నీళ్లు పైకెక్కనప్పుడు నూనె మాత్రం ఎలా ఎక్కుతుంది? వెనక్కి తంతుంది. టర్బోలో నిండి, సందు చూసుకుని పొగలోకి పోతుంది. ఇది తెలుసుకోవడానికి మెకానిక్ కానక్కర్లేదు.

పాస్టర్‌గారు ముగించారు. అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను.

నోరు విప్పలేదు. పాడవనీ, నడిరోడ్డు మీద ఆగనీ, ఇద్దరూ తలలు పట్టుకుని కూర్చోనీ, అప్పుడు చూస్తాను అనుకున్నాను. లోపల సంతోషంగా కూడా ఉంది. ఆ సంతోషం తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

ఆ రాత్రి ఖాళీ బండిని రింగు రోడ్డు పక్కన తిప్పుకొచ్చారు. కొంచెం పొగ వచ్చిందట. "కొత్తల గట్లనే ఉంటది, కాలి పోతది" అన్నాడు మరిది, ఏదో చూసినవాడిలా.

సోమవారం గిన్నెలు ఎక్కించి బయల్దేరాం. పైన టార్పాలిన్ కట్టి ఉంది, కానీ గాలి పోవడానికి ముందువైపు వదిలేస్తాం, పొగగొట్టం ఉన్నవైపు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మా ఆయన కాలు అదిమాడు. ముందు నుంచి ఈల వేసినట్టు కూత మొదలైంది. నిజం చెప్పాలంటే బండి పరుగెత్తింది. రెండు బండ్లను దాటేసి, స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టి, "సూసినవా?" అన్నాడు. నేను అద్దంలో చూస్తున్నాను. వెనకంతా నీలం పొగ. అంత పొగలో వెనక బండి లైట్లు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"ఆపు" అన్నాను.

"టైముకు పోవాలె గదా" అన్నాడు. ఇంకా అదిమాడు.

ఫ్యాక్టరీలో టార్పాలిన్ విప్పగానే ఆ కంపు గుప్పుమంది. మొదటి గిన్నె మూత తీశాను. నా తెల్లగుడ్డ అంచుల చుట్టూ గోధుమరంగు జిడ్డు. గుడ్డ ఎత్తితే వేళ్లకు అంటుకుంది. కింద అన్నం తెల్లగానే ఉంది, వాసన మాత్రం పట్టేసింది. నాలుక మీద ఒక మెతుకు వేసుకున్నాను. ఉమ్మేశాను. రెండో గిన్నె కాస్త నయం. పప్పు గిన్నె మూత బిగువు కాబట్టి బతికింది.

అప్పటికే జనం పళ్లాలు పట్టుకుని వరుసలో ఉన్నారు. వాళ్లకు ఉండేది అరగంట. దగ్గరలో హోటల్ లేదు. వెనక్కి తీసుకుపోతే అంతమందీ పస్తు. మా ఆయన నా చెవి దగ్గరికి వచ్చాడు.

"పైపైన తీసేసి పెట్టు. ఆకలి మీద ఎవరు సూస్తరు?"

ఆ మాటకు ఆయన మొహం మీద ఉమ్మాలనిపించింది. కానీ చేసింది అదే. నాలుగు వేళ్ల మందాన పై అన్నం గోకి పక్కన పడేసి, కింది అన్నం తీసి, పప్పు రెండు గరిటెలు ఎక్కువ పోసి వడ్డించాను. కొందరు వాసన చూసి నా మొహం చూశారు. కొందరు సగంలో వదిలేశారు. ఎక్కువమంది తినేశారు. ఎవరూ ఏమీ అనకపోవడం నాకు ఇంకా అసహ్యంగా ఉంది. తిట్టి ఉంటే బాగుండేది.

చివర్లో ఊడ్చే ఆమె వచ్చింది. ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది.

"ఇయ్యాల కట్టెల పొయ్యి మీద వండినవా అక్కా?"

నేను పప్పు గిన్నెలో గరిటె తిప్పాను.

"పొగచూరిన వాసనొస్తుంది. మా చేను ఉన్నప్పుడు గిట్లనే వండుకుంటుంటిమి" అంది.

"ఔ" అన్నాను.

ఆమె పళ్లెం తుడిచినట్టు తిని, చేయి కడుక్కుని, డబ్బా తీసి నా ముందు పెట్టింది. అక్కడ చెప్పి ఉండొచ్చు. వద్దు తల్లీ, ఈ ఒక్కరోజు వద్దు అన్నా సరిపోయేది. నేను గరిటె తీసుకున్నాను. గిన్నె నడిమి నుంచి, వాసన తక్కువున్న చోటు వెతికి వెతికి, డబ్బా నింపి మూత పెట్టి ఇచ్చాను.

ఇంటికొచ్చాక మరిది బండి కింద పడుకుని చూసి, లేచి చేతులు దులుపుకున్నాడు. "ఏం లేదు వదినె. నూనె వాపస్ వచ్చే పైపు జర పైకైంది. గంతే."

"నాకు నిన్ననే తెలుసు. ప్రార్థనల చూసిన" అన్నాను.

వాళ్లిద్దరూ నా వైపు చూశారు. మా ఆయన చేతిలోని పానా కింద పెట్టాడు.

"సూసినదానివి చెప్పొద్దా?"

మూడు వారాల్లో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి సరైన మాట అది. పైపు కిందికి మారుస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ సాయంత్రమే టర్బో విప్పించాను, బోరు పైపు పీకించాను. బండి కడిగించి, వెనకంతా నా చేతులతో సబ్బుపెట్టి తోమాను. ఆ గుడ్డలు ఎంత ఉడకబెట్టినా వాసన పోలేదు. కాల్చేశాను.

మర్నాడు అరగంట ముందు బయల్దేరి, మూలుగుతూనే సమయానికి చేరాం. చివర్లో ఆమె నవ్వుకుంటూ వచ్చింది.

"మా అత్త మస్తు ఖుష్ అయింది అక్కా. శాన దినాలకు కట్టెల పొయ్యి బువ్వ తిన్న అన్నది. డబ్బల ఒక్క మెతుకు మిగుల్చలే."

ఇక భరించలేకపోయాను. మొత్తం చెప్పేశాను. టర్బో, పొగగొట్టం, గుడ్డకంటిన నూనె, నేను ఉమ్మేసిన మెతుకు, తెలిసి తెలిసి డబ్బా నింపడం. ఆమె అంతా విని, చేతిలోని ఖాళీ డబ్బాకు మూత బిగించింది.

"నాకు పెట్టినవు, నేను తిన్న. గది పర్వాలేదు" అంది. "ముసలామెకు గూడ పంపినవా అక్కా."

డబ్బాను కొంగులో చుట్టుకుని చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ టర్బో మా షెడ్డు వెనక పడి ఉంది. ఎన్నిసార్లు పారేయమన్నా మా ఆయన పారేయడు. ఫ్యాక్టరీ భోజనం నడుస్తూనే ఉంది. ఆమె ఇప్పటికీ వరుసలో అందరికన్నా చివర నిలబడుతుంది, నేను పెట్టింది తింటుంది, బాగుందంటుంది. అడుగున నాలుగు గరిటెలు నేను రోజూ మిగులుస్తాను. ఆమె చేయి కడుక్కుని వెళ్లిపోతుంది. డబ్బా మళ్లీ తేలేదు.