జీవరత్నం రాగం

నెల్లిమర్ల చర్చిలో జీవరత్నం ఎత్తితే గానీ పాట లేచేది కాదు. కీర్తనల పుస్తకంలో మాటలుంటాయి, రాగముండదు. అది పెద్దవాళ్ల నోట్లో ఉండేది. వాళ్లు ఒక్కొక్కరే పోయి చివరికి జీవరత్నం నోట్లోనే మిగిలింది. జూట్ మిల్లులో రిటైరైన మనిషికి ఇంకో ఆస్తి లేదు. చుట్టుపక్కల ఎవరు పోయినా ఆయనకు బండి పంపేవారు. ఆయన సమాధి కీర్తన ఎత్తాకే శవపెట్టె కదిలేది.

రెండువేల పదిహేడులో మేనకోడలు కృపారాణి పెద్ద ఫోను కొంది. ఊరూరా తిరిగి ముసలివాళ్ల చేత పాడించి, ఏ పాట, ఏ ఊరు, ఎవరి గొంతు అని రాసి యూట్యూబులో పెట్టసాగింది. ఇక రాగం కావాలంటే అందరూ ఫోనే తీశారు. పాస్టరు గారు కూడా.

"ఊళ్లోవాళ్ల గొంతులన్నీ మూటగట్టేస్తే ఆ పిల్ల పాటగత్తె అయిపోద్దేటే?" అని జీవరత్నం తన భార్య రూబీ మీద కసిరాడు.

"నీకు కడుపుమంట గావాల."

"నాకేటి మంట!" అన్నాడు గానీ అన్నం సయించలేదు.

ఓ రోజు కృపారాణి ఆయన దగ్గరికే వచ్చింది. "మావా, సమాధి కీర్తన నీకు తప్ప ఎవులికీ రాదంట. ఓపాలి పాడు."

గొంతు సవరించుకుని, నిండు భక్తితో, ఎక్కడా లేని రాగం కట్టి పాడాడు. దాంతో ఈ పిల్ల నవ్వులపాలైపోవాలి. కృపారాణి కళ్లు తుడుచుకుంది.

వానాకాలంలో ఆ చర్చి ముసలామె దానమ్మ పోయింది. కబురు రాకపోయినా వెళ్లి అసలు రాగం ఎత్తాడు. ఎవరూ అందుకోలేదు. కుర్రాళ్లలోంచి ఇంకో రాగం లేచింది, ఆయన కట్టిన దొంగ రాగం. ఆడా మగా అంతా అందుకున్నారు. బాగుంది కూడా. అదే ఇంకా మండించింది.

దానమ్మ కొడుకు స్టాన్లీ ఆయన భుజం తట్టాడు. "పర్లేదు బావా, వయసైపోనాది కదా. ఆళ్లు పాడతార్లే."

సమాధుల దొడ్డి దాటాక కృపారాణిని పక్కకు లాగాడు. "ఒసే, ముందు పాడింది ఉత్తిదే. తీసీ. అసలుది పాడతాను, పట్టు."

"తీసీడమేటి మావా! పాలకొండ దాకా అదే పాడతన్నారు, జీవరత్నం రాగమని. ఇదీ పాడు, ఇంకో రాగమని దాని కిందన ఎడతాను."

పాడాడు. జన్మలో అంత బాగా ఎప్పుడూ పాడలేదు.

ఆ వారమంతా రూబీ ఫోను లాక్కుని రెంటినీ చూస్తూ కూర్చున్నాడు. కిందదాన్ని ఆయనొక్కడే వింటున్నాడు. పైదాని కింద ఎవరో రాశారు: 'ఈ జీవరత్నం గారెవరో గానీ ధన్యులు.'

ఆ జీవరత్నాన్ని చూస్తే ఈ జీవరత్నానికి ఒళ్లు మండిపోయింది.