ఆదెమ్మ ఊదుగొట్టం

జగ్గయ్యపేట పత్తిమిల్లులో ఆదెమ్మ మేస్త్రీగా ఉన్నన్నాళ్లూ ఆడకూలీల వరసలో దగ్గు వినపడలేదు. ఆ మాట ఆవిడే నలుగురిలో గొప్పగా చెప్పుకునేది. పత్తి నుంచి గింజ వేరు చేసే మరల దగ్గర దూది నూగు లేచి రెప్పల మీద, ముక్కుల్లో, గొంతులో పేరుకుంటుంది. అలాంటి చోట దగ్గే మనిషి లేదంటే ఎవరు నమ్ముతారు చెప్పండి! అయినా అది నిజమే. ఎందుకు లేదో కూలీలుండే పాలెంలో అందరికీ తెలుసు. తెలిసీ దాన్నిగురించి ఒక్కరూ ఆలోచించలేదు, ఆదెమ్మతో సహా.

ఆవిడది నందిగామ పాలెం. స్తెఫనుకిచ్చి చేస్తే పేటకు కాపురానికొచ్చింది. బిడ్డ ఆరోగ్యమ్మ పాకుతుండగానే స్తెఫను జ్వరంతో కన్నుమూశాడు. చంటిదానికి చెట్టుకు ఉయ్యాల కట్టి మరలో పత్తి అందించిన మనిషి, కొన్నేళ్లకు కూలీలను కుదిర్చే మేస్త్రీ అయింది. నోరు కత్తిలా ఆడుతుందని అందరూ అనేవాళ్లు గానీ, పురుడొచ్చిన ఇంటికి మొదట గంజి మోసుకెళ్లేదీ ఆవిడే.

క్రిస్మస్ వెళ్లి కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక మిల్లు తెరిచేవారు. ఆరోజు పొద్దున్నే ఆదెమ్మ తన గుడిసె ముందు మూడు రాళ్లు పెట్టి, కింద నివురుగప్పిన నిప్పులు పోసేది. పని అడిగిన ప్రతి ఆడమనిషి చేతికీ ఇనుప ఊదుగొట్టం ఇచ్చేది. ఆపకుండా ఊది మంట లేపినవాళ్లకే పని. దగ్గినవాళ్లను, మధ్యలో రొమ్ము పట్టుకున్నవాళ్లను “వచ్చే ఏడు చూద్దాంలేవే, ఇంటికి పో” అని పంపేసేది. ఇందులో కపటమేమీ లేదు. ఆవిడ తొలినాళ్లలో ఒక పిల్ల ఊపిరాడక కళ్లు తిరిగి మర మీద పడబోయింది. అప్పట్నుంచి పెట్టుకున్న ఆచారమిది. పైగా నలభైయేడు, నలభైయెనిమిదిల్లో నైజాము గొడవలకు సరిహద్దు దాటి వచ్చినవాళ్లు పని కోసం బారులు తీరుతుంటే, ఒకరిని పంపేస్తే పదిమంది సిద్ధం.

నలభైతొమ్మిదిలో కూడా అలాగే ఊదించింది. రత్తమ్మ ఊదలేకపోయింది. ఆరేళ్లుగా అదే మర దగ్గర నిలబడ్డ మనిషి. గొట్టం కింద పెట్టి, కళ్లు తుడుచుకుని, పక్కనున్న ఆరోగ్యమ్మ వైపు చూసింది.

“మీ అమ్మాయికి గొట్టమివ్వవేంటొదినా?”

“నా కూతురి ఊపిరి నాకు తెలీదటే! రోజూ పొయ్యి రాజేసేది అదేగా!” అని ఆదెమ్మ గయ్యిమంది.

గయ్యిమనడంలోనే ఉంది సంగతంతా. ఆరోగ్యమ్మ మిల్లుకెళ్లడం అది మూడో ఏడు. పోయినేడు సోమవారాల్లో మాత్రం రొమ్ము పట్టేసినట్టుందనేది. ఆదివారం మిల్లుండదు గదా, గుళ్లో పాటలు పాడి వచ్చిన పిల్ల, సోమవారం మర దగ్గర నిలబడేసరికి ఆయాసపడేది. మంగళవారానికి సర్దుకునేది. ఈ ఏడు మిల్లు తెరిచాక మంగళవారం దాకా, బుధవారం దాకా సాగుతోంది. ఆదెమ్మ వామునీళ్లు తాగించి, చలిగాలికి అని తనకు తాను సర్దిచెప్పుకుంది.

ఆ నెలలోనే బెజవాడ నుంచి రామకోటేశ్వరరావు అనే సర్కారు డాక్టరు వచ్చాడు. మిల్లుల్లో పనిచేసేవాళ్ల ఆరోగ్యం చూసి రమ్మని ఆయనకు ఉత్తర్వు. చిన్నవాడే గానీ నిదానస్తుడు. మిల్లు ఆవరణలో ఆడవాళ్లను నిలబెట్టి ఒక్కొక్కరి ఊపిరీ విన్నాడు. ఆరోజు నుంచి ఆదెమ్మ కూతుర్ని ఇంట్లోనే ఉంచింది. మర్నాడు ఆయన చిల్లకల్లు పాలేనికి వెళ్లి, మిల్లు ముఖమెరగని పొలంకూలీల ఊపిరి విన్నాడు. అదే తిండి, అదే వయసు, అవే పూరిళ్లు. తేడా మిల్లొకటే కాబట్టి, ఊపిరిలో తేడా కనిపిస్తే అది మిల్లుదే అని ఆయన లెక్క.

తేడా కనిపించింది, అయితే అడ్డం తిరిగి. చిల్లకల్లు వాళ్లకన్నా మిల్లువాళ్లే దిట్టంగా ఉన్నారు!

మిల్లు యజమాని కనకయ్య శెట్టిగారి సంతోషం ఇంతా అంతా కాదు. “చూశారా డాక్టరుగారూ! మా దూది గాలి ఒంటికి మంచిదేనండి. కిటికీలనీ పంకాలనీ మమ్మల్ని వేపుకు తినొద్దని పైవాళ్లకు కాస్త రాయండి. ఇంకో వరస మరలు దించుకుంటాం” అన్నాడు.

డాక్టరు నవ్వలేదు. “నూగు పీలిస్తే ఊపిరి బాగుపడుతుందంటే నాకు మింగుడుపడటంలేదు శెట్టిగారూ” అని, పక్కనే నిలబడ్డ ఆదెమ్మ వైపు తిరిగాడు. “ఏమ్మా, వీళ్లు నాకు కనిపించినవాళ్లు. కనిపించనివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇదివరకు పనిచేసినవాళ్లంతా ఏరి?”

“పెళ్లిళ్లై కొందరు, వలస పోయి కొందరు, ఎవరి దారిన వాళ్లు పోయారండి” అంది ఆదెమ్మ.

“మళ్లీ ఆలోచించుకోమ్మా. రేపు మధ్యాహ్నం దాకా సర్కారు బంగళాలోనే ఉంటాను. నాకు తెలిసినంతవరకే నేను రాయగలను.”

ఇంటికొచ్చేసరికి ఆరోగ్యమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఊదుగొట్టం నోట పెట్టుకుంది. ఊదింది. నిప్పుకణిక ఎర్రబడినట్టే పడి నల్లబడింది. మళ్లీ ఊదబోయి, గొట్టం జారవిడిచి, రెండు చేతులూ నేలకానించి దగ్గింది. ఆ దగ్గు ఆగేదాకా ఆదెమ్మ గుమ్మంలో బిగుసుకుపోయింది.

“రేపొస్తాలేమ్మా పనికి. ఈ రెండ్రోజులూ మానేశాగా, తగ్గుద్ది” అంది పిల్ల, తల్లి కోప్పడుతుందేమోనని.

అయ్యో నా తండ్రీ! అన్నేళ్లుగా ఎంతమందిని ఇలా చూసి, ఇంటికి పొమ్మంది! వాళ్లు ఇంటికి పోయి ఏమయ్యారో ఒక్కనాడైనా తొంగి చూసిందా? దగ్గేవాళ్లను తనే ఏరి పారేసి, మిగిలినవాళ్లను చూపించి మా మిల్లులో దగ్గు లేదంది. డాక్టరు ఆ మాటే రాసుకుపోతే ఇంకో వరస మరలు దిగుతాయి, ఆ మరల ముందు తన బిడ్డ నిలబడుతుంది. నిజం చెబితే మేస్త్రీపని ఊడుతుంది. ఆదెమ్మ కూతుర్ని ఒళ్లోకి లాక్కుని ఏడ్చింది. ఎవరైనా చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చింది.

తెల్లారి ఆవిడ మిల్లుకు వెళ్లలేదు. పాలెంలో ఇల్లిల్లూ తిరిగింది. రత్తమ్మ తలుపు దగ్గరకొచ్చి, “ఇప్పుడు గుర్తొచ్చామా వదినా?” అంది. “తిట్టవే, ఎంతైనా తిట్టు. తిట్టి నా వెంట రా” అంది ఆదెమ్మ. అంతకుముందెప్పుడో పంపేసిన బసవమ్మ నాలుగడుగులకోసారి ఆగి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఒకప్పుడు రెండు బుట్టల పత్తి ఒక్కసారి ఎత్తిన మనిషావిడ. రాలేనివాళ్లను డాక్టరే వచ్చి చూస్తారని చెప్పి, నడవగలిగినవాళ్లందరినీ బంగళా ముందుకు తీసుకొచ్చింది. ఆరోగ్యమ్మను కూడా.

డాక్టరుతో మాట్లాడుతున్న శెట్టిగారు వరండాలోంచే కేకేశాడు. “ఏమే ఆదెమ్మా! అన్నం పెట్టిన చేతినే కరుస్తావా?”

“మీ అన్నం తిన్నమాట నిజమేనండి శెట్టిగారూ. వీళ్లూ తిన్నారు. అందుకే వీళ్లనీ చూడమంటున్నా” అంది. గొట్టం సంగతి మొదట్నుంచీ చివరిదాకా డాక్టరుకు చెప్పేసింది.

ఆయన అంతా రాసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, “పంపేసినవాళ్లను కూడా కలిపితేనే మిల్లు లెక్కమ్మా. ఇన్నాళ్లూ మిగిలినవాళ్లనే చూశాం” అన్నాడు. ఒక్కొక్కరినే కూర్చోబెట్టి ఊపిరి విన్నాడు. శెట్టిగారు కాసేపు నిలబడి, రత్తమ్మ వీపు మీద స్తెతస్కోపు పెట్టి డాక్టరు కళ్లు మూసుకోవడం చూసి, బండెక్కి వెళ్లిపోయాడు.

అందరి తర్వాత ఆరోగ్యమ్మ. “ఇక ఈ పిల్ల నూగులోకి పోకూడదు. ఇప్పుడే మానిపిస్తే కోలుకుంటుంది” అన్నాడు డాక్టరు. ఆదెమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

“నువ్వు కూడా కూర్చోమ్మా.”

“నాకేంటండి, నేను బానే ఉన్నా.”

“నీకు ఆ ఊదుగొట్టం ఎవరైనా ఇచ్చారా ఎప్పుడన్నా?”

ఎవరిస్తారు? మేస్త్రీ చేతికి గొట్టమిచ్చి ఊదమనే మనిషి ఎవరున్నారు? ఇంట్లో పొయ్యి రాజేసేది కూతురు. తను నిప్పు ఊది ఎన్నాళ్లయిందో ఆదెమ్మకు గుర్తులేదు. బంగళా వంటమనిషి కుంపటి పక్కనున్న ఊదుగొట్టం తనే వెళ్లి తీసుకుంది. వాళ్లంతా చూస్తుండగా కూర్చుని ఊదింది. సగంలోనే ఊపిరి తెగింది. దగ్గు పొట్టలోంచి తన్నుకొచ్చింది. రత్తమ్మే ముందుకొచ్చి వీపు నిమిరింది.

దగ్గు తగ్గేదాకా ఆగి డాక్టరు అడిగాడు. “ఇప్పటికీ మిల్లులో ఉన్నదానివి. నిన్ను ఏ వరసలో రాసుకోమంటావమ్మా?”

ఆదెమ్మ గొట్టం కింద పెట్టింది. “పంపేసినవాళ్లలో రాయండి బాబూ” అంది. “వీళ్లను పంపిన మేస్త్రీయే నన్నూ పంపేసిందని రాయండి.”