ఇంజిన్ పక్కన చల్లని చోటు

నాయన వాడి నాకిచ్చిన పాత కారుకు సొంత తెలివితో పెద్ద ఎయిర్ ఫిల్టర్ పెట్టించాను. ఎక్కువ గాలి పీలిస్తే ఎక్కువ బలం వస్తుందని నా లెక్క. తీరా అది పీల్చేది బానెట్ కింది వేడిగాలిని. ఎండాకాలం భాకరాపేట ఘాట్ ఎక్కాలంటే కారు ముసలి ఎద్దులా ఆయాసపడేది.

"ఇంగోసారి కొండలో ఇట్ల మొరాయిస్తే అమ్మేస్తా" అన్నాడు నాయన. కారు ఇంకా ఆయన పేరు మీదే ఉంది. శ్రీ సిటీలో ఉద్యోగం చేసే నాకు ఇంకో కారు దొరక్కపోదు. కానీ నేను స్టీరింగ్ పట్టింది మొదట దీంట్లోనే. పోనిస్తానా!

చిత్తూరులో ట్రంకుపెట్టెలు చేసే భాయ్ దగ్గరికి పోయాను. ఇంజిన్ సెగ తగలకుండా ఫిల్టర్ చుట్టూ రేకుపెట్టె కట్టి, దాన్నుంచి ముందు గ్రిల్ దాకా గొట్టం వేయమన్నాను. "కారుకు ముక్కు పెట్టిస్తాండావా అమ్మా?" అని నవ్వి, చేసిచ్చాడు.

మర్నాడే నాయనను ఎక్కించుకుని ఘాట్‌కు బయల్దేరాను. సగం ఎక్కాక మళ్ళీ అదే ఆయాసం. పక్కకు ఆపి బానెట్ ఎత్తి ముట్టుకుంటే రేకుపెట్టె కాలిపోతోంది. నీరుగారిపోయాను. అప్పుడు కనబడింది, గ్రిల్‌కు అడ్డంగా చెయ్యంత లావు బంతిపూల దండ. కొత్త పని చేయించామని పొద్దున తిరుచానూరులో కొని నాయనే కట్టాడు. గొట్టం నోరు సరిగ్గా దాని వెనకే ఉంది. ముందునుంచి గాలి అందక, పెట్టె సందుల్లోంచి మళ్ళీ ఇంజిన్ వేడినే లాక్కుంటోంది.

మా ఇంట్లో బండికి కట్టిన దండ ఎండి దానంతటదే రాలాల్సిందే, చేత్తో తీయం. "నాయనా, దండ..." అని ఆగిపోయాను. ఆయన దండనూ గొట్టాన్నీ మార్చి మార్చి చూసి, తనే విప్పి, కళ్ళకద్దుకుని వెనక సీట్లో పెట్టాడు.

ఆ తర్వాత కారు ఎక్కిన తీరు చెప్పలేను. కాలు ఆనిస్తే చాలు, మలుపు తరవాత మలుపు తీసుకుపోయింది. పైన ఆపగానే బానెట్ తెరిచాను. ఇంజిన్ సెగ మొహానికి కొడుతోంది. దానికి జానెడు దూరంలో, పెట్టె లోపల చెయ్యి పెడితే చల్లగా ఉంది. పలచని రేకు, ఎదురుగాలి, ఇంకేమీ లేదు. అంత మంట పక్కన ఆ చల్లదనం ఎట్లా నిలిచిందో తలచుకుంటే ఇప్పటికీ అబ్బురమే.

నాయన కూడా చెయ్యి పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

"సల్లంగా ఉండాదే, పాపా!"

అమ్మే మాట సంగతేమిటని అడగబోయాను. ఆయన అప్పటికే రెండో చెయ్యి నా ముందు చాపాడు.

"తాళాలియ్యి. కిందికి పోయి మళ్ళీ ఎక్కుదాం. ఈసారి నేను తోల్తా."