గోళెంలో గుండుమల్లె

పొద్దున ఏడింటికీ, సాయంత్రం అయిదింటికీ మా కోడలి ఫోను నీటిచుక్క పడ్డట్టు చప్పుడు చేస్తుంది. అది వినగానే ఆమె కంప్యూటరు ముందు నుంచి లేచి, డాబా మీదికి పోయి, పన్నెండు కుండీలకూ నీళ్లు పోసి వస్తుంది. ఖమ్మంలో ఈ ఇంట్లోకి వచ్చి రెండేళ్లయింది, ఒక్క పూట కూడా తప్పిందని నేను చెప్పలేను. మొన్న క్రిస్మస్ వెళ్లిన మర్నాడు మోకాళ్లు పట్టుకుని నేనూ మెల్లగా పైకెక్కి చూశాను. డాబా మీద మరకలు పడకుండా ప్రతి కుండీ కిందా ఒక పళ్లెం, ప్రతి పళ్లెంలోనూ నిండా నీళ్లు. గుండుమల్లె కుండీలో వేలు గుచ్చితే బురద తగిలింది. ఆకులు మాత్రం నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. పోయిన ఎండాకాలం దానికి ఒక్క మొగ్గ కూడా రాలేదు.

"ఇంకేం పొయ్యాల్నో నువ్వే చెప్పు అత్తమ్మా, అన్నీ పోస్తనే ఉన్న గదా" అంది కోడలు, దిగులుగా.

నోటిదాకా వచ్చిన మాటను మింగి కిందికి దిగి వచ్చి, మంచం కింద ఉన్న నా డైరీల పెట్టెను బయటికి లాగాను.

నేను నర్సుగా పనిచేసి రిటైరయినదాన్ని. ఏ రోగికి ఏ పూట ఏ మందు ఎంత ఇచ్చామో రాసి పెట్టుకోకపోతే కుదరని ఉద్యోగం గనుక, ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. మందుల కంపెనీల వాళ్లు ఏటా ఇచ్చే డైరీల్లో వానలు, జ్వరాలు, చుట్టాల రాకపోకలు అన్నీ రాసేదాన్ని. నాకు కావలసిన డైరీ పెట్టె అడుగున దొరికింది. అట్ట ఊడిపోయింది గానీ సిరా చెక్కుచెదరలేదు. పేజీ పేజీకీ కింద ఒకే వాక్యం: "మల్లెకు పొద్దున రెండు చెంబులు, మాపు రెండు చెంబులు."

అప్పుడు మేము భద్రాచలం అడవి అంచున ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆయన అక్కడి బడిలో పంతులు, నేను దవాఖానాలో నర్సును. ఉండడానికి దవాఖానా వెనకాల రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. మా మామయ్య పోయాక ముదిగొండ దగ్గరి ఊరి నుంచి అత్తమ్మను మా దగ్గరికి తెచ్చుకున్నాం. వానాకాలం మొదట్లో బస్సు దిగిన ఆమె చేతిలో బట్టల మూట కంటే ముందు నాకు కనిపించింది ఒక నూనె డబ్బా. అందులో పెరట్లోని తల్లిచెట్టు పక్కన లేచిన గుండుమల్లె పిలకను మట్టిముద్దతో సహా తవ్వి తెచ్చుకుంది. పెళ్లయి ఆ ఊరికి వచ్చింది మొదలు ప్రతి ఈస్టరుకూ తెల్లవారకముందే తన పెరటి మల్లెలు కోసి, దండ కట్టి, చర్చిలో సిలువకు వేయడం ఆమె ఆనవాయితీ. కొన్న పూలు ఎన్నడూ వేసి ఎరగదు. ఆ పని మామయ్య పోయిన ఏడు కూడా ఆగలేదని మా ఆయన చెప్పేవారు.

ఆమె మోకాళ్లు అప్పటికే అరిగిపోయి ఉన్నాయి. వంగి నీళ్లు పోయనివ్వకూడదని ఆ మొక్క బాధ్యత నేనే తీసుకున్నాను. డబ్బాలో ఇరుకుగా ఉందనిపించి, క్వార్టరు వెనక బట్టలు నానబెట్టే సిమెంటు గోళెం ఖాళీగా ఉంటే దాని నిండా మట్టి నింపి అందులోకి మార్చాను. నా ఈడు వాళ్లకు ఆ గోళేలు గుర్తుండే ఉంటాయి, ఒకసారి నింపితే చుక్క కూడా కారనివి. నీళ్లు నిలవడానికి చేసిన దాంట్లో మొక్క పెట్టానన్న సంగతి నాకు తట్టనే లేదు. రోగికి మందు వేళ తప్పకూడదని నేర్చుకున్నదాన్ని, మొక్కకు నీళ్ల వేళ తప్పుతానా? డ్యూటీకి పోయే ముందు రెండు చెంబులు, వచ్చాక రెండు చెంబులు. జడివాన పడ్డ రోజున కూడా పోసినట్టు డైరీలో ఉంది, అది చదివి ఇప్పుడు నాకే నవ్వొచ్చింది.

ఆ ఈస్టరుకు ఒక్క పువ్వు కూడా పూయలేదు. తెల్లచీర కట్టుకుని ఉత్తచేతులతో చర్చికి వచ్చిన అత్తమ్మ, ఎప్పుడూ ముందు చాప మీద కూర్చునే మనిషి, ఆ రోజు గుమ్మం పక్కన కూర్చుంది. ఇంటికొచ్చాక నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ముల్లులా గుచ్చుకుని, వచ్చే ఏడు ఈ చెట్టుతో ఎట్లాగైనా పూయించి తీరాలని పట్టుబట్టాను.

పట్టుబట్టడం అంటే మరీ ఎక్కువ చేయడమేనని అప్పుడు తెలియదు. పక్కింటాయన మిరప రైతు. చేనుకు వేసే చేత్తోనే గుప్పెడు యూరియా గోళెంలో చల్లి, "ఇగ చూడు సిస్టరమ్మా, పది రోజులల్ల అడవి లెక్క లేస్తది" అన్నాడు. నిజంగానే లేచింది, అంతా ఆకే. భద్రాచలం పోయినప్పుడల్లా ఎరువుల దుకాణంలో ఏదో ఒక సీసా కొనుక్కొచ్చి గోళెంలో ఒంపేదాన్ని. మేమందరం ఒకే తీరు. ఆ పక్కింటాయన భార్య తోపుడుబండి మీద పూలతో నవ్వుతున్న గులాబీని కొని, వేళ్ల చుట్టూ ఉన్న నల్ల కవరు తీయకుండానే భూమిలో పాతింది. అది వాడిపోతే పురుగేమోనని ఆయన మిరపకు కొట్టే మందు దానికీ కొట్టాడు. ప్రేమ లేక కాదు, ఉన్న ప్రేమంతా ఒక్కసారే గుమ్మరించేవాళ్లం. చలికాలం వచ్చేసరికి మా మల్లె అడుగు ఆకులు పసుపు పచ్చబడ్డాయి. ఎండిపోతోందనుకుని రెండు చెంబులను మూడు చేశాను.

క్రిస్మస్ కాగానే లోపలి గూడేల్లో జ్వరాలు లేచాయని నన్ను ఇరవై రోజుల క్యాంపుకు వేశారు. వెళ్తూ వెళ్తూ మొక్కకు నీళ్లు మరవొద్దని అత్తమ్మకు రెండుసార్లు చెప్పాను. "అట్లనే బిడ్డా, నువ్వు పైలంగ పోయి రా" అంది.

తిరిగొచ్చి జీపు దిగి నేరుగా వెనక్కి పోయిన నాకు గోళెంలో పుల్లలు కనిపించాయి. ఒక్క ఆకు లేదు. కొమ్మలు సగానికి నరికేసి ఉన్నాయి, మట్టి ఎండి నెర్రెలిచ్చింది, గోళెం అడుగున పిడికిలంత బొక్క. ఇరవై రోజుల అలసటంతా కోపమై పొంగింది.

"నా చేతి నీళ్లు వద్దనుకుంటే నాతోనే చెప్పకపోయినవా అత్తమ్మా? నేను లేంది చూసి దాన్ని గిట్ల చేస్తవా?" అని అరిచాను.

అత్తమ్మ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండా, "దానికేమన్న జ్వరమొచ్చిందా తల్లీ, పూటపూటకు డోసు పొయ్యనీకి?" అంది.

నేను విసవిసా లోపలికి పోయాను. ఆ ఏటి కొత్త డైరీ ఇంకా చేతికి రాక, ఆ సాయంత్రం పాతదాని వెనక ఖాళీ పేజీలోనే రాసుకున్న వాక్యం ఇదిగో నా ముందే ఉంది: "అత్తమ్మ నా చెట్టును చంపింది."

వారం రోజులు ఆమెతో ముక్తసరిగానే మాట్లాడాను. చివరికి నోరు విప్పింది మా దవాఖానాలో పనిచేసే ఆయమ్మ. గోళెం అడుగున ఉలితో బొక్క కొట్టింది తన మొగుడేనని ఒప్పుకుంటూ, "మీ అత్త వానలప్పటి సంది నన్ను ఒక్కటే అడుగుడు, మా కోడలు క్యాంపుకు ఎన్నడు పోతదని" అంది.

"నాతోనే చెప్పొచ్చు గదా?"

"నేనూ గదే అన్న సిస్టరమ్మా. 'ఇల్లు ఆమెది, కొలువు ఆమెది. అలిసొచ్చి గూడ నా చెట్టుకు కొలిచి కొలిచి పోస్తాంది. వద్దని ఏ నోటితోని అందు?' అన్నది."

ఒక ఈస్టరు పోగొట్టుకుంది, రెండోదీ పోయేట్టుందని తెలుసు, అయినా కోడలి మనసు నొప్పించలేక నెలల తరబడి నేను ఊరు దాటే రోజు కోసం కాచుకుని కూర్చుంది ఆ మనిషి. చలికాలంలో మల్లెకు నీళ్లు ఆపాలని, ఆకు దూసి కొమ్మ కత్తిరించాలని, అట్లా కొంతకాలం ఎండితేనే అది పూతకు వస్తుందని ఆమెకు చిన్ననాటి నుంచే తెలుసు. నేను అడగలేదు, అంతే. ఆ సాయంత్రం ఇంటికి పోయి ఆమె పక్కన కూర్చుని చేట నా ఒడిలోకి తీసుకున్నాను. క్షమించమని అనడం రాలేదు. ఆమె కొంచెం పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.

ఎండలు ముదిరేసరికి పుల్లల కణుపు కణుపునా చిగురు, చిగురు చివర్న మొగ్గ. ఈస్టరుకు మూరెడు దండ అయింది. చీకటుండగానే చర్చికి నడిచాం. సిలువ దగ్గరికి వెళ్లాక ఆమె దండను నా చేతుల్లో పెట్టి, "నువ్వే వెయ్యి బిడ్డా, నీళ్లు పోసింది నువ్వే గదా" అంది. ఆమె పెదాల చివర నవ్వు ఉందో లేదో ఆ మసక వెలుతురులో నాకు సరిగా కనిపించలేదు. ఇప్పటికీ తేల్చుకోలేను.

డైరీ మూశాను. అత్తమ్మకు నా క్యాంపు కలిసొచ్చింది. మా కోడలికి క్యాంపుల్లేవు, ఆఫీసే ఇంట్లో ఉంది. ఈమె ఊరికి పోయేదాకా కాచుకుందామంటే నా వయసు ఒప్పుకునేట్టు లేదు. పైగా ఆ రోజు గోళెం ముందు నాలో రగిలిన మంట నాకింకా గుర్తుంది, దాన్ని ఈ పిల్లకు పెట్టబుద్ధి కాలేదు. అందుకని సాయంత్రం నీటిచుక్క చప్పుడు కాకముందే ఆ డైరీ ఆమె చేతికిచ్చి, ఈ పేజీ చదవమన్నాను. చేతిరాత తెలుగు కూడబలుక్కుంటూ చదివి, "అత్తమ్మ నా చెట్టును చంపింది" దగ్గరికి వచ్చేసరికి ఫక్కున నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత దాని కిందనే ఈస్టరు దండ గురించి రాసింది కూడా చదివి, లేచి కత్తెర తెచ్చింది. "ఎంతవరకు కొయ్యాలె అత్తమ్మా?" అని అడిగింది. అడిగింది గనుక చెప్పాను.

మర్నాడు పళ్లేలు తీసేశాం. ఫోను మాత్రం ఇంకా రెండుపూటలా చప్పుడు చేస్తూనే ఉంది. దాన్ని ఆపడం ఇష్టం లేదేమో, అది మోగగానే ఆమె వచ్చి నా పక్కన మంచం మీద కాసేపు ఊరికే కూర్చుని పోతోంది. ఇంత సులువుగా అయిపోయే మాట కోసం ఆ రోజుల్లో ఒక మనిషి ఇరవై రోజుల క్యాంపు కోసం ఎదురుచూసిందంటే ఈ పిల్లకు నమ్మబుద్ధి కాదు. కాలం ఈ ఒక్క విషయంలో మంచికే మారిందనుకుంటాను. కానీ అంత దాచుకుని అంత ఓర్చుకున్న ప్రేమను మళ్లీ ఎక్కడ చూస్తాను?

ఈస్టరుకు మొగ్గ వస్తుందో రాదో తెలియదు. నా పాత డైరీలో ఆ ఇరవై రోజుల పేజీల్లో జ్వరాల లెక్కలే తప్ప మల్లె ఊసు లేదు. ఆ రోజుల్లో దాన్ని కనిపెట్టుకుని ఉన్న మనిషికి రాయడం రాదు. వచ్చి ఉంటే ఏం రాసేదో నాకు తెలుసు. అందుకే ఈ కొత్త డైరీలో ప్రతి పేజీ కిందా ఆమె బదులు నేను రాస్తున్నాను: "మల్లెకు ఇవ్వాళ నీళ్లు పోయలేదు."