వదిన నైలాన్ చీర, నా సాక్ష్యం

ఆ రోజుల్లో మా నెల్లూరు వైపు నైలాన్ చీర కట్టిన ఆడమనిషి వీధిలో పోతుంటే చూసేవాళ్లు రెండు రకాలు: మెచ్చుకునేవాళ్లు, కుళ్లుకునేవాళ్లు. నేను ఏ రకమో దాచి ప్రయోజనం లేదు. అప్పటికి నాకు ఇరవయ్యేళ్లు. మైపాడులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ అన్నావదినల ఇంట్లో ఉండేదాన్ని. వదినది సూళ్లూరుపేట. ఆమె తమ్ముడు రైలెక్కి మద్రాసు పోయి, క్రిస్మస్‌కి అక్క కట్టుకోవాలని గులాబీరంగు నైలాన్ చీర తెచ్చాడు. "చూడమ్మాయ్, చీరంతా పిడికిట్లో పట్టేస్తాది!" అంటూ వదిన నిజంగానే పిడికిట్లో ఇరికించి చూపించింది. (చీర నలగలేదు. నలిగింది నేనే.)

పండగ ఉదయం అన్న కొనిచ్చిన కొత్త వాయిల్ చీర ముట్టుకోకుండా, పెట్టె అడుగునుంచి వెలిసిపోయిన నూలుచీర తీసి కట్టుకున్నాను. నైలాన్ పక్కన వాయిల్ ఎలాగూ ఆనదు. పాత చీరతో నిలబడితే కనీసం నలుగురూ జాలిపడతారు కదా! "ఏందమ్మాయ్, పండగపూట ఆ పాతచీర కట్టినావు?" అంది వదిన గుడి గుమ్మంలో. ఒళ్లు మండి, "యేసయ్య పశువుల తొట్టిలో పుట్టినాడు వదినా, నైలాన్ చీరలో కాదు" అన్నాను. (అంతకుముందు పండగ గురించి అలా ఒక్కసారైనా ఆలోచించి ఉంటే ఒట్టు.) ఆ మాట వెనకే వస్తున్న పాస్టరుగారి చెవిన పడింది. ఆయన కళ్లు చెమర్చాయి. "ఈ కాలంలో పండగంటే కొత్తగుడ్డలు, మైకుసెట్టులో సినిమాపాటలు అయిపోయినాయి. నువ్వు ఈ మాటే గుడిలో అందరిముందు లేచి సాక్ష్యంగా చెప్పాల టీచరమ్మా" అన్నారు.

చెప్పాను. అబ్బో, ఏం చెప్పాననుకున్నారు! లోకం మెరుపుల వెంట పోతోందన్నాను, పొత్తిగుడ్డల్లో చుట్టిన బిడ్డను అందరం మరిచిపోయామన్నాను. మెరుపు అన్నప్పుడల్లా ముందు వరసలో గులాబీరంగు వైపు చూశాను. ముసలమ్మలు ముక్కులు చీదారు. కొత్తచొక్కాల పిల్లలు ఏం తప్పు చేశారో తెలియక బిక్కమొహాలు వేశారు. వదిన తల వంచుకుంది. నాకు కడుపు నిండినట్టయింది.

మధ్యాహ్నం వదిన చీర మార్చుకుని, నైలాన్ చీర మడతపెట్టి చేతుల్లో పట్టుకుని వచ్చింది. "నువ్వు చెప్పింది నిజమే అమ్మాయ్. నాకింక దీన్ని కట్టబుద్ధి కావడంలా" అంది. మాటవరసకు ఒకసారి వద్దనాలా, రెండుసార్లా అని ఆలోచిస్తూనే చెయ్యి కొంచెం చాచాను. వదిన నన్ను దాటుకుని వసారాలోకి పోయింది. మాకు రోజూ చేపలు తెచ్చే చేపలక్క పండగ కజ్జికాయల కోసం వచ్చి అక్కడ కూర్చుని ఉంది. "నీ కూతురు బిడ్డను కనింది గదక్కా, ఇది తీసకపో" అంటూ వదిన ఆ చీర ఆమె ఒళ్లో పెట్టేసింది. "ఓయమ్మా, మాకెందుకమ్మా ఇంత చీర!" అంటూనే చేపలక్క దాన్ని గట్టిగా పట్టుకుంది.

మర్నాడు ఏదో వంక పెట్టుకుని సముద్రపొడ్డున వాళ్ల పాకకు పోయాను. చీర కూతురు కట్టుకోలేదు. దూలానికి ఉయ్యాల కట్టింది. చుట్టూ వలలు, ఎండుచేపల వాసన, మధ్యలో ఆ గులాబీరంగులో పిడికెడంత బిడ్డ నిద్రపోతున్నాడు. పశువుల తొట్టి గురించి అంత మాట్లాడినదాన్ని, అక్కడ నిలబడి ఏమనుకున్నానో చెప్పనా? 'వీడికెందుకు నైలాన్!' అనుకున్నాను. నెల నిండని పసిగుడ్డు మీద అసూయపడిన టీచరమ్మ లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆ సాక్ష్యం పుణ్యమా అని, అప్పటినుంచి ఏటా పండగ అసలు అర్థం చెప్పమని నన్నే లేపుతున్నారు. ఇప్పుడు బజారులో ప్రతి దుకాణానికీ నక్షత్రం వేలాడుతోంది, ఎవరి కోసమని అడిగేవాళ్లు లేరు. నేను చెబుతూనే ఉన్నాను. ముందు వరసలో తల నెరిసిన వదిన నూలుచీరలో వింటూనే ఉంది. మొన్నటి పండగకు ఆమె చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపిస్తూ ఇక ఉండబట్టలేక, "వదినా, ఆ రోజు నేను చెప్పింది సాక్ష్యం కాదు, ఒట్టి కుళ్లు" అనేశాను.

వదిన బోసినోటితో నవ్వింది. "నాకు తెలీదా ఏంది? గుడికి పోకముందు ఒక్కమాట అడిగుంటే నీకే ఇచ్చుందును గదమ్మాయ్. అంత సాక్ష్యం చెప్పినాక ఎట్టిస్తా?"

ఇన్నేళ్లూ లేచి నిలబడి చెప్పింది నేను, ఆ ఒక్క మధ్యాహ్నం చేసి చూపించింది ఆమె. అది తలుచుకుంటే నాకిప్పటికీ వదిన మీద అసూయే.