ఎండొస్తేనే విచ్చే గడ్డి గులాబీ

మా చిన్నప్పుడు... ఆళ్లగడ్డలో మా ఇంటి ముందర పరిచిన నాపరాళ్ల సందుల్లో గడ్డి గులాబీ పాకేది. బియ్యపు గింజల్లా బొద్దుగా ఉండే ఆకులు, ఎర్రటి సన్న కాడలు. ఎండ బాగా ఎక్కితే గానీ పూలు విచ్చేవి కావు. మధ్యాహ్నం దాటితే మళ్లీ ముడుచుకునేవి.

నా తర్వాత చెల్లెలు, ఆ తర్వాత తమ్ముడు పుట్టాడు. నెల తిరగకముందే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. పేరు కూడా పెట్టలేదు... సమాధుల తోటలో గోడ వారగా చిన్న మట్టి దిబ్బ, అంతే. పసిబిడ్డలకు రాయి నిలిపే అలవాటు అప్పట్లో మాలో లేదు.

వానలకు ఆ దిబ్బ కరగడం మొదలైంది. అప్పుడే, బడిపంతులైన మా నాయనకు నంద్యాలకు బదిలీ అయింది. అమ్మకు ఒకటే దిగులు.

"ఇంకో రెండు వానలు పడితే నా బిడ్డ యాడుండేదీ నాకే తెల్దు" అంది.

నాయన రోజా మొక్క తెస్తానన్నాడు. "దానికి నీళ్లెవురు పోస్తారు, మనం పోయినంక?" అంది అమ్మ.

ఆ సాయంత్రం రాళ్ల సందుల్లోంచి గుప్పెడు కాడలు తుంచింది. తుంచిన చోట తడి ఆరేదాకా నీడన పెట్టింది. మరునాడు దిబ్బ మీద గరుకు ఇసుక చల్లి, వేలితో గుంటలు చేసి ఒక్కొక్కటే గుచ్చింది.

మా మేనత్త పక్కనే నిలబడి చూస్తోంది.

"ఏందిమే, అందరూ మల్లెపూలు తెస్తాంటే నువ్వు గడ్డి నాటుతాండావ్?"

"గడ్డయితేనే మేలు వదినా. ఎవురూ పీక్కోని పోరు."

అత్త నవ్వింది. అమ్మ కూడా నవ్వింది... చాలా రోజుల తర్వాత.

చెల్లెలు ప్రేమ కొద్దీ రోజూ చెంబుతో నీళ్లు మోసి పోసింది. సగం కాడలు కుళ్లిపోయాయి. అమ్మ కోప్పడలేదు. కొత్తవి గుచ్చుతూ, "దీనికి నీళ్లెక్కువైతే చస్తాది తల్లీ. దాని మానాన దాన్ని వదిలెయ్యాల" అంది.

అలా వదిలేసే నంద్యాలకు వచ్చేశాం.

మరుసటి ఈస్టర్‌కు ముందురోజే ఆళ్లగడ్డలో అత్త వాళ్లింటికి చేరుకున్నాం. తెల్లవారుజామున సమాధుల తోటలో ప్రార్థన. ముగిశాక అందరూ తమ తమ వాళ్ల దగ్గర కొవ్వొత్తులు వెలిగించుకుంటున్నారు. మాకు మాత్రం చోటు దొరకలేదు. గోడ వార అంతా చదునైపోయింది. దుమ్ము పట్టిన ఎండుగడ్డి, ఎటు చూసినా ఒకే రంగు.

"ఈడనే" అన్నాడు నాయన. "కాదప్పా, ఆడ" అంది అత్త.

అమ్మ వెలిగించని కొవ్వొత్తి పట్టుకుని కింద కూర్చుంది. "ఎండ రానీండి" అంది.

జనం వెళ్లిపోయారు. "బస్సు పోతాది మే" అన్నాడు నాయన ఒకసారి. తర్వాత ఆయన కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఎండ గోడ దాటి దిగింది. కాసేపటికి ఎండుగడ్డిలో ఒక గులాబీ రంగు చుక్క... పక్కన ఇంకొకటి... చూస్తుండగానే చాపంత మేర విచ్చుకుంది. నాయన చూపించిన చోటా కాదు, అత్త చూపించిన చోటా కాదు.

అమ్మ ఆ పూల నడుమ నేలకు అరచెయ్యి ఆనించింది. "ఈడుండావా బిడ్డా" అంది.

లేచే ముందు నాలుగు కాడలు తుంచి, అవతల గుర్తేమీ లేని ఇంకో చిన్న దిబ్బ మీద గుచ్చింది.

"అది ఎవురిదో, నీకెందుకే?" అంది అత్త.

"ఎవురిదైతేనేం వదినా... ఆ తల్లి కూడా ఎతుక్కుంటాంటాది కదా."

ఇప్పుడు ఆ తోటలో అన్నీ గ్రానైటు పలకలే. పేర్లు, ఫొటోలు, ప్లాస్టిక్ దండలు. చోటు వెతుక్కునే పని లేదు. ప్రార్థన కాగానే టిఫిన్ వేళకు అందరూ ఇళ్లకు చేరుతున్నారు. ఎండ వచ్చేదాకా ఎవరి కోసమూ ఎవరూ కూర్చోవడం లేదు...

మీ అమ్మ ఎవరి కోసం ఏ మొక్క నాటింది? గుర్తుంటే రాయండి. నెమ్మదిగా చదువుకుంటాను.